ఏడు కిలోల సంసారం

మా వసారా దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. ఒకప్పుడు దానికి ఉయ్యాల కట్టేవాళ్లం. ఆ ఉయ్యాలలో ఊగినవాడు ఇప్పుడు సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి పోవడం కోసం ఒక మే నెలలో అదే కొక్కానికి స్ప్రింగు త్రాసు తగిలించాం. బి.కొత్తకోట బస్టాండు దగ్గర ఎరువుల అంగట్లోంచి ఎరువు తెచ్చిన త్రాసు అది. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత ఉంది కదా. దాని అర్థం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసనే అనుకొన్నాను. తెలియదని ఆ ప్రయాణంలో తేలింది.

విమానంలో మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఇద్దరికీ కలిపి 92. ముప్పై రెండేళ్లు లెక్కల అయివారుగా పనిచేసినవాణ్ని కాబట్టి ఆ 92ను కాగితం మీద పంచాను. బట్టలకింత, మందులకింత, మనవడికీ మనవరాలికీ ఇంత. కాగితం మీద లెక్క సరిపోయింది. ఊరు సరిపోనీయలేదు.

"మా పాప డల్లాస్‌లో ఉండాది సార్. మీరు పోయేది అమెరికాకే గదా. చిన్న ప్యాకెట్టు, అంతే" అని ఒకాయన నాలుగు కిలోల కొత్త చింతపండు తెచ్చి వసారాలో పెట్టాడు. సియాటిల్‌కూ డల్లాస్‌కూ మధ్య, మన కొత్తకోటకూ అంగళ్లకూ ఉన్నంత దూరమే ఉంటుందని ఆయన నమ్మకం. ఎదురింటామె నిప్పట్లూ కజ్జికాయలూ డబ్బాకెత్తి ఇచ్చింది. మదనపల్లె నుంచి మా మరదలు రాగిపిండి, చెనిక్కాయల పొడి పంపింది. కొత్త మామిడికాయ ఊరగాయ ముందు సీసాలోకి, తర్వాత ప్లాస్టిక్ కవరులోకి, ఆ పైన నా పాత లుంగీలోకి దిగి, పెట్టె మధ్యన గర్భగుడిలో మూలవిరాట్టులాగ కూర్చుంది.

రెండింటికి మాత్రం చోటు దొరకలేదు. కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు ఆ ఆకు మీద ఎక్కివస్తుందని వాళ్ల భయం. ఎండు కొబ్బరిని విమానంలోకే రానివ్వరు. అందులో నూనె ఎక్కువ, వేడికి అంటుకొంటుందని. మా ఇంటామె ఈ రెండు సంగతులూ విని, "కరేపాకుకు వీసా లేదు, టెంకాయకు టికెట్టు లేదు, మనకు మాత్రం ఎట్ల ఇచ్చినారో" అంది.

ఇంత జరిగాక మావాడు ఫోనులో అసలు సంగతి చెప్పాడు.

"జులైలో పదకొండు దినాలు అలాస్కా పోతాం నాయనా. నాలుగు దినాలు నేల మీద, ఏడు దినాలు ఓడలో. ఆరుమందిమి. ఒక్కొక్కరికి ఒకటే చిన్న పెట్టె, ఏడు కిలోలు. రైలెక్కాల, బస్సు మారాల, ఓడెక్కాల. ఆడ కూలీలుండరు. ఎవురి పెట్టె వాళ్లే ఈడ్చుకోవాల."

మా ఇంటామె ఫోను లాక్కొంది. "ఏడు కిలోలా? కాణిపాకం పోయి సాయంత్రానికి తిరిగొచ్చేదానికే అంతకంటే ఎక్కువ తీసుకపోతాం గదరా!"

నిజమే. మేం ఎక్కడికి పోయినా ఇల్లు కొంత వెంట వస్తుంది. ఒక చెంబు, ఒక దుప్పటి, నాలుగు అగ్గిపుల్లలు, సూదీ దారం, అమృతాంజనం. ఎందుకు అంటే అందరిదీ ఒకటే జవాబు: "ఉండనీ, యాడన్నా పనికొస్తాది." మా సీమలో ఈ మాటను పిసినారితనం అనుకోకూడదు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే చోటు మాది. అదీ పడితే. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప రాని పొలాలున్న చోటు. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువును ఇక్కడి ముసలివాళ్లు మొన్న జరిగినట్టు 'ధాత కరువు' అని పేరుపెట్టి చెప్పేవాళ్లు. దాన్ని కళ్లతో చూసినవాళ్లు పోయారు. చూసినవాళ్ల చేతులు మాత్రం మా చేతుల్లో ఇంకా ఉన్నాయి. అందుకే పెట్టె సర్దేటప్పుడు మనం అనుకోకుండానే ఇంకో ముద్ద ఎక్కువ కడతాం.

కానీ ఆ రోజు పడుకొన్నాక ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. ఆ కరువు కథలు చెప్పిన మా జేజి ప్రయాణం పోతే ఆమె చేతిలో ఒక్క సద్దిమూటే ఉండేది. తిరుమలకు పోయినా అంతే. సంగటి ముద్ద, చింతపండు కారం, మార్చుకోవడానికి ఒక కోక. పెట్టె లేదు, చెంబు కూడా లేదు. ఇంత కరువు భయం ఉన్న మనిషి అంత తేలిగ్గా ఎట్లా పోయేది? ఆలోచిస్తే జవాబు ఆమె మూటలో దొరకదు. ఆమె నడిచిన దారిలో దొరుకుతుంది. ఎవరో పుణ్యాత్ములు దారి పొడుగునా రాతి మండపాలు కట్టించారు. బావులు తవ్వించారు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టి, దోసిట్లోకి నీళ్లు వంచడానికి ఒక మనిషిని కూర్చోబెట్టారు. సత్రంలో వేడి అన్నం, పడుకోవడానికి అరుగు ఉండేవి. మా జేజి చెంబు మోయలేదంటే, ఆ చెంబును చలివేంద్రం మోసింది. పరుపు మోయలేదంటే, సత్రం మోసింది.

లెక్కల అయివారికి ఇది వెంటనే అర్థమయింది, అయిందనుకొన్నాను. బరువు ఎక్కడికీ పోదు, ఒక చోట తీసేస్తే ఇంకో చోట కూడుకొంటుంది.

మన భాషలో యాత్రలకు తొలి పెద్ద పుస్తకం రాసిన ఏనుగుల వీరాస్వామయ్య కథ చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. వెంట సుమారు నూరుమంది పరివారం. ఆయన పల్లకీలో కూర్చొని దారి విశేషాలు చూశాడు, మజిలీలో దిగి రాశాడు. ఊళ్లు, నీళ్లు, ధరలు, ఆచారాలు ఆయన కలం కింద నుంచి తప్పించుకోలేదు. నాకు ఆ పుస్తకం ఇష్టం. అయితే అందులోని అంత చక్కటి చూపుకు అడుగున బోయీల భుజాలున్నాయన్న సంగతి చదివేటప్పుడు తట్టదు. చేతులు ఖాళీగా ఉన్నవాడికే కలం పట్టుకోవడం కుదురుతుంది.

ఇవన్నీ పెద్ద ఆలోచనలు. చిన్న సంగతి, నా పెట్టె. అది సర్దడానికి నాకు ముప్పావు గంట పట్టింది. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, ఒక పంచె, ఒక తువ్వాలు, లోపలి బట్టలు, గడ్డం గీసుకొనే సామాను, ఒక పుస్తకం. సియాటిల్‌లో మావాడి ఎలక్ట్రానిక్ త్రాసుకు తగిలిస్తే 6 కిలోల 800 గ్రాములు! మిగిలిన 200 గ్రాములను చూపించి కోడలి ముందు కాస్త గర్వపడ్డాను. తువ్వాలు మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. చూడమ్మా, తేలికైన ప్రయాణం తెలుగువాడికి ఎవరూ నేర్పక్కరలేదు, భుజం మీది తువ్వాలే తల కింద దిండు, తల మీద గొడుగు, తిన్నాక చేతిగుడ్డ, చెరువు గట్టున పంచె మార్చుకొనేటప్పుడు తెర. కోడలు నవ్వింది. మా ఇంటామె నవ్వలేదు.

ఆమె పెట్టె తొమ్మిదిన్నర కిలోలు తూగింది. "అమ్మా, ఏడు అంటిమి గదా" అన్నాడు మావాడు. "ఈడ్చుకొనేది నేను గదా, నీకెందుకు" అంది. పెట్టెలో ఏముందని ఎవరమూ అడగలేదు. ఆడవాళ్ల పెట్టె కదా, చీరలే ఉంటాయి అనుకొన్నాం.

సియాటిల్ నుంచి యాంకరేజ్‌కు విమానం. మరునాడు పొద్దున రైలెక్కితే డెనాలీ చేరేసరికి సాయంత్రం నాలుగు. రైలు పెట్టెకు పైకప్పు కూడా అద్దమే. బయట చూపు ఆనినంత దూరం సన్నటి నల్లటి చెట్లు, ఎవరూ దున్నని నేల, ఎవరూ తోడుకోని నీళ్లు. మా పొలం పక్కన పారే వంకలో ఏడాదికి పదిరోజులు నీళ్లు కనిపిస్తే పండగ. ఇక్కడ మలుపు మలుపుకూ ఒక నది ఊరికే పోతోంది. "ఇన్ని నీళ్లు ఎవురికీ పనికిరాకుండా పోతాండాయి" అని మా ఇంటామె బాధపడింది. మధ్యాహ్నం మనవడికి ఆకలైతే ఆమె పెట్టెలోంచి నిప్పట్లు వచ్చాయి. నాకు చెవుల్లో చలిగాలి దూరితే అదే పెట్టెలోంచి మంకీ టోపీ వచ్చింది. నేను పెట్టుకొన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించలేదు.

డెనాలీ ఉత్తర అమెరికాలోకల్లా ఎత్తైన కొండ, 6,190 మీటర్లు. చూడటానికి వచ్చినవాళ్లలో మూడోవంతు మందికే కనిపిస్తుందని అక్కడ అందరూ చెబుతారు. మిగతావాళ్లకు మబ్బే దర్శనం. మాకూ మబ్బే. రాత్రి పదకొండు గంటలకు కూడా ఆరని వెలుతురులో కిటికీ దగ్గర కూర్చొని, ఇంత దూరం వచ్చి కొండ చూడకపోతే ఎట్లా అని నేను గొణుగుతుంటే, "మన ఇంటి ముందర నిలబడితే హార్స్‌లీ కొండ కనపడుతుంది, ఏ పొద్దన్నా తలెత్తి చూసినారా?" అంది.

నేల ప్రయాణం చివర విట్టియర్. కొండ కింద నాలుగు కిలోమీటర్ల సొరంగం, దారి ఒక్కటే. కాసేపు రైలు, కాసేపు కార్లు, వంతులవారీగా పోవాలి. అవతల సముద్రపు ఒడ్డున మూడొందలమంది కూడా లేని ఊరు. ఆ ఊళ్లో దాదాపు అందరూ కాపురముండేది ఒకటే పద్నాలుగంతస్తుల భవనంలో. మనిషి ఎంత తక్కువ చోటులో సర్దుకోగలడో ఆ ఊరే ఒక పాఠం అని మనవరాలికి చెప్పబోయాను. ఆమె అప్పటికే ఓడను చూసింది. ఇక నా పాఠం ఎవరికీ పట్టలేదు.

ఓడ అంటే నాకు పుస్తకాల్లో చదివిన పాత ఓడలే తెలుసు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు మొదటిసారి కూలీలను తీసుకుపోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ల దాకా అట్లాంటి ఓడలు తిరిగాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి చెరకు తోటలకు ఎక్కినవాళ్లు ఎందరో. వాళ్ల దగ్గర తూయడానికి సామాను లేదు. అంత తేలిక ప్రయాణాన్ని ఎవరూ మెచ్చుకోకూడదు. ఉన్నది వదిలేసి చేతులూపుకొంటూ పోవడం వేరు, లేక వట్టి చేతులతో పోవడం వేరు. ఏడు కిలోలు చాలు అని మనం అనగలుగుతున్నామంటే, ఇంటి బీరువాలో మిగతాది భద్రంగా ఉందనే కదా.

మేం ఎక్కిన ఓడలో ఆ బీరువా కూడా ఉంది. వేల మంది ప్రయాణికులు, వాళ్లకు సేవచేయడానికి వెయ్యిమందికి పైగా సిబ్బంది. తువ్వాళ్లు వాళ్లవే, దుప్పట్లు వాళ్లవే, సబ్బు వాళ్లదే. మంచినీళ్లను సముద్రంలోంచే తయారుచేసుకొంటారు. పొద్దున గదిలోంచి బయటికి పోయి వచ్చేసరికి పక్క సర్ది ఉంటుంది. సాయంత్రం తువ్వాలును కోతిలాగానో ఏనుగులాగానో మడిచి మంచం మీద కూర్చోబెడతారు. తువ్వాలు ఉపయోగాల గురించి కోడలికి నేను చెప్పిన జాబితాలో ఇది లేదు.

మా గది చూసే అబ్బాయిది ఇండోనేషియా. ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడట. వచ్చేటప్పుడు తెచ్చుకొన్నది ఒక్క పెట్టె. పోయేటప్పుడు ఎన్ని అని అడిగితే చేతులు వెడల్పుగా చాపి నవ్వాడు. నాకు మా పక్క ఊళ్లు కళ్లముందుకొచ్చాయి. రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచి ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ పోతున్నారు. పోయేటప్పుడు చంకలో ఒక సంచి. తిరిగొచ్చేటప్పుడు తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, పెద్ద పెద్ద దుప్పట్లు, పిల్లలకు బొమ్మలు, పాలపొడి, అత్తరు. ఊరికి ఆ పెట్టెలే కనిపిస్తాయి. ఆ అమ్మ రెండేళ్లు ఎవరి ఇంటి బరువు ఎత్తితే ఆ పెట్టెలు నిండాయో కనిపించదు.

ఓడలో ఒక రాత్రి అందరూ ముస్తాబై భోజనానికి రావాలి. కోటు మోసుకొచ్చినవాళ్లు కోటుతో వచ్చారు. నేను పంచె కట్టి, తెల్ల చొక్కా వేసుకొని వెళ్లాను. మొత్తం కిలో కూడా లేని వేషం. ఇద్దరు తెల్లవాళ్లు ఫోటో అడిగారు. నా గర్వం మళ్లీ 200 గ్రాములు పెరిగింది. ఆ పంచె మడత నలగకుండా, గంజి చెదరకుండా అన్ని రోజులు ఎట్లా ఉందని ఆ రాత్రీ అనుకోలేదు.

గ్లేసియర్ బేలోకి ఓడ మెల్లగా పోయింది. 1790ల్లో తెల్లవాళ్ల ఓడలు అటు వచ్చినప్పుడు మంచు దాదాపు సముద్రం దాకా ఉండి, లోపలికి చోటే లేదట. ఇప్పుడు అది నూరు కిలోమీటర్ల లోపలికి జరిగింది. జరిగేటప్పుడు తాను మోసుకొచ్చిన రాళ్లను ఎక్కడికక్కడ దించేసి పోయింది. నీలంగా మెరిసే మంచుగోడ ముందు ఓడ ఇంజను ఆపారు. అంతమందీ ఒక్కసారి మాట ఆపారు. ఉరుము లాంటి చప్పుడుతో ఒక ముక్క నీళ్లలోకి విరిగిపడింది.

ఆ తర్వాత స్కాగ్వే. నా అంతటి తేలిక మనిషి లేడని ఊరేగుతున్న నాకు అక్కడ సరిగ్గా తగిలింది.

1896లో కెనడాలోని క్లాండైక్ దగ్గర బంగారం దొరికింది. 1897 జులై 17న దాన్ని మోసుకొని ఒక ఓడ సియాటిల్ రేవుకు వచ్చింది. టన్నుకు పైగా బంగారం వచ్చిందని పత్రికలు రాశాయి. అంతే, సుమారు లక్షమంది ఉన్నవి అమ్ముకొని ఉత్తరానికి బయలుదేరారు. స్కాగ్వే దగ్గర ఓడ దిగి, కొండ దాటి కెనడాలోకి పోవాలి. కొండ మీద కెనడా పోలీసులు కాపలా ఉన్నారు. ఏడాదికి సరిపడా తిండీ సామానూ చూపించనిదే ఎవరినీ పోనివ్వలేదు. అవతల ఆకలితో చస్తారని. ఆ సామాను దాదాపు ఒక టన్ను! ఒక్క పిండే 180 కిలోలు. మొత్తం మా 92 కిలోలకు పది రెట్లు.

టన్ను సామాను ఒక్కసారిగా ఎవరూ ఎత్తలేరు కదా. కొంత మోసుకుపోయి దించి, వెనక్కి వచ్చి, ఇంకొంత. ముప్పై నలభై విడతలు. చిల్కూట్ కనుమ చివర మంచులో చెక్కిన 1,500 మెట్లు. చీమల బారులాగ మనుషులు ఎక్కుతున్న ఆ ఫోటో అక్కడ ఎక్కడ చూసినా వేలాడుతోంది. 53 కిలోమీటర్ల దారి కోసం ఒక్కొక్కడు వెయ్యి మైళ్లకు పైగా నడిచాడని లెక్క. డబ్బున్నవాళ్లు ఆ నేల మనుషులైన ట్లింగిట్ జాతివాళ్లను కూలికి పెట్టుకొన్నారు. పక్కనున్న వైట్ కనుమలో గుర్రాల మీద వేశారు. ఆ ఒక్క దారిలో సుమారు మూడువేల గుర్రాలు చచ్చాయి. ఆ కనుమ మీదనే 1898లో మొదలుపెట్టి 1900కల్లా రైలు వేశారు. ఇప్పుడు ఆ రైల్లో మాలాంటివాళ్లు కాఫీ తాగుతూ పోతారు. మేమూ పోయాం. కిటికీలోంచి గుర్రాలు పడిన లోయను చూపించి గైడు చెబుతుంటే, పెట్టెలోని వాళ్లందరూ లేచి ఫోటోలు తీసుకొన్నారు.

నేను తీసుకోలేదు. వెయ్యి కిలోలు పైకెక్కాయంటే ఎవరో ఒకరు ఎక్కించారన్న కూడిక మనసులో తిరుగుతోంది. మా జేజికి సత్రం, వీరాస్వామయ్యకు బోయీలు, బంగారం మనిషికి గుర్రం, ఓడలో నాకు ఆ ఇండోనేషియా అబ్బాయి. లెక్క దాదాపు కుదిరింది. ఒక అంకె తక్కువైంది. అది ఏదో తెలియలేదు.

చివరి రేవు కెచికాన్‌లో తెలిసింది.

కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అంటే మా ఊరికి అయిదేళ్లలో పడేది అక్కడ ఒక్క ఏడాదిలో పడిపోతుంది. ఓడ దిగేసరికే కురుస్తోంది. నేను రెయిన్‌కోటు తెచ్చుకోలేదు. 300 గ్రాములు ఎక్కువని సియాటిల్‌లో తీసేశాను. మెట్ల దగ్గర నిలబడితే మా ఇంటామె తన సంచిలోంచి ఒక కోటు తీసి నా మీద వేసింది. నేను తీసేసిన కోటే. మనవడి కోటు, మనవరాలి గొడుగు కూడా అందులోంచే వచ్చాయి. ఆమెకు ఏమీ రాలేదు. "వాన పడితే యేమి, మనం చూడాలని మొక్కుకొనేది దీని కోసమే గదా" అంటూ తడుసుకుంటూ దిగింది. ఊరి నడుమ వాగులో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతున్నాయి. సముద్రంలోంచి, తాము పుట్టిన వాగులోకి వచ్చాక అవి మళ్లీ ఏమీ తినవట. ఒంట్లో దాచుకొన్న కొవ్వుతోనే చివరిదాకా పోతాయట. వంతెన మీద నిలబడి, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, ఆమె వాటిని చాలాసేపు చూసింది.

గదికి వచ్చాక ఆమె మార్చుకోవడానికి చీర లేదు. ఉన్నవి మూడు. ఒకటి తడిసింది, ఒకటి ఉతికి ఆరేసింది, ఇంకొకదాని మీద మనవరాలు ముందురోజు పాయసం ఒలకబోసింది. కోడలి నైటీ వేసుకొని, నా పంచె కప్పుకొని మంచం మీద కూర్చుంది. "తొమ్మిదిన్నర కిలోల పెట్టెలో మూడు చీరలేనా?" అన్నాను. అని, ఆ పెట్టె తెరిచాను. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె పెట్టె నేను తెరవడం అదే మొదటిసారి.

నా బీపీ మాత్రలు రెండో సెట్టు. నా స్వెట్టరు. నా ఫోను చార్జరు, నేను సియాటిల్‌లో గోడకే వదిలేసి వచ్చింది. నా కళ్లద్దాల రెండో జత. నా పంచె నలగకుండా మడత లోపల పెట్టి తెచ్చిన అట్టముక్క. మనవడి జ్వరం మందు, మనవరాలి రెండో జత బూట్లు, కోడలికి వేడినీళ్ల సంచి, కొడుక్కి జలుబు చేస్తే జండూబామ్. నిప్పట్ల డబ్బా రైల్లోనే ఖాళీ అయింది. ఓడలోకి ఇంట్లో చేసినవి తేకూడదంటే ఆ ఖాళీ డబ్బాలో సూదీ దారం, గుండీలు పెట్టుకొంది. ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ మనసులో తీసివేత చేశాను. తొమ్మిదిన్నరలో ఆమె సొంతం మూడు కిలోలు కూడా లేదు.

ఆరుమందిలో అందరికంటే తక్కువ సామానుతో వచ్చిన మనిషి ఆమె. అందరికంటే బరువైన పెట్టె ఈడ్చింది ఆమె. నేను 6 కిలోల 800 గ్రాములని ఊరేగించినప్పుడు ఆమె ఎందుకు నవ్వలేదో అప్పటికి అర్థమయింది. అంగడాయన దగ్గర నేను ఎరువు తెచ్చుకొన్నది త్రాసు ఒక్కటే. కట్టుకొన్న దాని దగ్గర ఎరువు తెచ్చుకొన్నది నా తేలికంతా. ఆ ఎరువును ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి తిరిగి ఇవ్వలేదు.

"ఏం చూస్తాండారు అట్ల?" అంది.

"ఏం లేదు. లెక్క తప్పింది" అన్నాను.

ఆగస్టులో తిరిగొచ్చాం. వచ్చేటప్పుడూ 92 కిలోలు నిండాయి. ఈసారి చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, డల్లాస్ పాప వాళ్ల నాయనకు పంపిన బూట్లు. దేవనహళ్లిలో దిగి, చింతామణి మీదుగా ఊరు చేరి, మరునాడే త్రాసు తీసుకుపోయి అంగట్లో ఇచ్చాను. "బాగా పనికొచ్చిందా సార్?" అన్నాడు అంగడాయన. వచ్చింది, అయితే కొంచెం ఆలస్యంగా వచ్చిందని చెప్పాను. ఆయన త్రాసును అటూ ఇటూ తిప్పి, ముల్లు సరిగ్గానే ఉంది కదా అని చూసుకొన్నాడు.

దసరా సెలవుల్లో ఎవరూ రాలేదు. ఇంటి ముందర నిలబడితే కనిపించే కొండకు మనమే పోదాం, రెండు రాత్రులు ఉందాం అన్నాను. ఏనుగు మల్లమ్మ కొండ అని దాని పాతపేరు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 1870 ప్రాంతంలో ఎండకు తాళలేక దాని మీద ఇల్లు కట్టించుకొన్నాక పేరు మారింది. ఆ దొర కుర్చీలూ బల్లలూ మంచాలూ తమంతట తాము నాలుగువేల అడుగుల ఎత్తుకు ఎక్కి ఉండవు. ఎక్కించినవాళ్లలో ఒక్కరి పేరూ కొండకు పెట్టలేదు.

ఈసారి పెట్టె నేనే సర్దాను, ఇద్దరికీ. ఆమె కుర్చీలో కూర్చొని చూస్తూ ఉంది, ఒక్క మాట అనలేదు. ఆమె చీరలు, ఆమె కళ్లద్దాలు, ఆమె మోకాళ్ల నొప్పి నూనె, ఆమెకు ఇష్టమని చెనిక్కాయలు వేయించి పొట్లం కట్టాను. తొమ్మిది కిలోల దాకా వచ్చి ఉంటుంది. తూయలేదు. బస్సులోకి ఎక్కించినది నేనే, దించినది నేనే. ఆమె చేతిలో ఒక చిన్న బుట్ట తప్ప ఏమీ లేదు. కొండమీద గుట్టకొనన నిలబడి కొత్తకోట చెరువు ఎక్కడుందో వెతుకుతుంటే చల్లగాలి తిరిగింది. ఒకరి తర్వాత ఒకరం తుమ్మాం. శాలువా తీద్దామని పెట్టె తెరిచాను. ఆమె శాలువా అడుగున భద్రంగా ఉంది. తీసి ఆమె భుజాల మీద కప్పాను. చాలా గొప్ప పని చేసినట్టుంది నాకు.

ఆమె బుట్ట మూత తీసి, మడిచిన ఇంకో శాలువా నాకు ఇచ్చింది. నాదే.